పిల్లలకు ఆస్తి ఎప్పుడు రాయాలి?



పిల్లలకు ఆస్తి రాసిద్దామని పెద్దవాళ్ళు అనుకోగానే మన ఇళ్ళలో మొదట వచ్చే మాట "ఎవరికి ఏది?" అని. రోడ్డు పక్క స్థలం పెద్దవాడికా, చిన్నవాడికా? బోరున్న చెక్క ఎవరికి, మెరక చెక్క ఎవరికి? అమ్మాయికి పెళ్ళప్పుడు ఇచ్చింది లెక్కలోకి వస్తుందా, రాదా? ఈ లెక్క తేలడానికి నెలలు పడుతుంది. తేలాక మాత్రం ఒక్క పూటలో దస్తావేజు రాయించి, సంతకాలు పెట్టించి, రిజిస్ట్రేషన్ ముగించేస్తారు. ఆ తొందరలో అడగకుండా వదిలేసే ప్రశ్న ఒకటుంది. ఈ హక్కు పిల్లల చేతికి ఎప్పుడు వెళ్ళాలి? ఈ రోజేనా, మా తర్వాతా?

పెద్ద వయసులో ఆస్తి తెచ్చిపెట్టే కష్టాల్లో ఎక్కువ భాగం ఈ "ఎప్పుడు" దగ్గర పుట్టినవే. ఎవరికి ఎంత అన్నది మీ ఇంటి విషయం, దాంట్లో నేను వేలు పెట్టను. ఎప్పుడు, ఎలా అన్నదాని గురించి మాత్రం ఈవేళ నాలుగు మాటలు చెబుతాను.

దానికన్నా ముందు, మనం ఇవ్వగలిగింది ఎంతో తేల్చుకోవాలి. సొంత సంపాదనతో కొన్న స్థలం, ఉద్యోగంలో ఉండగా కట్టుకున్న ఇల్లు, ఇవి స్వార్జితం. వీటిని ఎవరికైనా ఇవ్వొచ్చు, ఎవరికీ ఇవ్వకుండా ఉంచుకోవచ్చు. తండ్రి బతికుండగా "నా వాటా నాకు పంచు" అని అడిగే హక్కు కొడుక్కీ లేదు, కూతురికీ లేదు. భార్య పేర ఉన్న ఇల్లు భార్యదే. డబ్బు భర్త పెట్టి ఉండొచ్చుగానీ, ఆమె పేర ఉన్న ఇంటిని ఆయన తన వీలునామాలో పంచడం కుదరదు. ఫ్లాటు ఇద్దరి పేర ఉంటే ఎవరి వాటా వారే రాయాలి.

పిత్రార్జితం సంగతి వేరు. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో పిల్లలకు పుట్టుకతోనే హక్కుంటుంది. కాబట్టి మొత్తం పొలాన్ని తండ్రి ఒక్కడే ఒక కొడుక్కి గిఫ్టుగా రాసేస్తే, మిగతావాళ్ళు కోర్టుకెక్కిన రోజున అది నిలబడదు. తన వాటా వరకు వీలునామా రాసుకునే హక్కు మాత్రం ఆయనకుంది. ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటి చెప్పాలి. తాత పేరున్న ప్రతి ఆస్తీ పిత్రార్జితం కాదు. హిందూ వారసత్వ చట్టం 1956 జూన్ 17న అమల్లోకి వచ్చింది. ఆ తర్వాత తాత స్వార్జితం వారసత్వంగా తండ్రికి వస్తే అది తండ్రి సొంత ఆస్తి అవుతుందని, అందులో మనవడికి పుట్టుకతో వాటా రాదని సుప్రీంకోర్టు 1986లోనే చెప్పింది. "తాత ఆస్తి కదా, నాన్న ఎలా అమ్ముతాడు" అని ఎగిరే ముందు పాత లింకు డాక్యుమెంట్లు తీసి, అది తాతకు ఎలా వచ్చిందో, ఆయన నుంచి నాన్నకు ఎప్పుడు వచ్చిందో చూసుకోవాలి.

ఆడపిల్లల వాటా గురించి ఇంకా కొన్ని ఇళ్ళలో "కట్నం ఇచ్చేశాం కదా" అంటారు. కట్నం ఇచ్చినంత మాత్రాన వాటా పోదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణ, 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్ళికాని ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా హక్కు ఇచ్చింది. దేశమంతటా ఆ హక్కు 2005 సెప్టెంబరు 9 నుంచి వచ్చింది, పెళ్ళయిందా లేదా అన్న తేడా లేకుండా. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాలా అన్న వాదం చాలాకాలం నడిచింది. అక్కర్లేదని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చేసింది. 2004 డిసెంబరు 20కి ముందే చట్టప్రకారం జరిగిపోయిన పంపకాలను మాత్రం ఇప్పుడు తిరగదోడలేరు. ఇంకొకటి. పెళ్ళిలో పసుపు కుంకుమల కింద రెండెకరాలు ఇచ్చామని నోటిమాటగా చెప్పి, రిజిస్ట్రేషన్ చేయించని కుటుంబాలు పల్లెల్లో చాలా ఉన్నాయి. భూమిని గిఫ్టుగా ఇవ్వాలంటే రిజిస్టరైన పత్రం ఉండాలన్నది 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం మాట. మాటగా ఇచ్చిన ఆ రెండెకరాల కోసం రేపు అన్నాచెల్లెళ్ళు కోర్టు మెట్లెక్కకూడదంటే, ఇచ్చినవాళ్ళు ఉండగానే కాగితం చేయించాలి.

సరే, ఇక దారుల సంగతి. పెద్దవాళ్ళ ముందు ఉన్నవి నాలుగు. ఏమీ రాయకుండా వదిలేయడం, వీలునామా రాయడం, ఈ రోజే గిఫ్ట్ సెటిల్మెంటు చేసేయడం, సెటిల్మెంటు చేస్తూనే తమ జీవితకాలం అనుభవించే హక్కు అట్టిపెట్టుకోవడం.

ఏమీ రాయకపోతే ఏమవుతుందో ఒక లెక్క చెబుతాను. ఒకాయనకు 5 ఎకరాల స్వార్జిత భూమి ఉంది. భార్య, ఒక కొడుకు, ఇద్దరు కూతుళ్ళు. ఆయన తల్లి కూడా బతికే ఉంది. వీలునామా లేకుండా ఆయన పోయాడు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఐదుగురికీ తలా ఒక ఎకరం. ఆ తల్లి సంగతి చాలామంది మరిచిపోతారు. కొన్నేళ్ళకు ఆమె కూడా ఏమీ రాయకుండా పోతే, ఆమె ఎకరం ఆమె సంతానమందరికీ వెళ్తుంది. అంటే పోయినాయన అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్ళకు కూడా. పోయిన కొడుకు పిల్లలకు ఆయన వంతు దక్కుతుంది. అలా పెదనాన్నలు, మేనత్తలు ఈ పొలంలో వాటాదారులై కూర్చుంటారు. ఎవరి తప్పూ లేదు. రాయకపోవడం వల్ల చట్టం తన లెక్క తాను వేసింది, అంతే. ఆ తర్వాత తహశీల్దారు దగ్గర ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్టు, రికార్డులో పేరు మార్పుకు ఆంధ్రలో ఫౌతీ, తెలంగాణలో విరాసత్, వారసులందరికీ నోటీసులు, అందరి సంతకాలు. ఒక్కరు అమెరికాలో ఉన్నా, ఒక్కరు అలిగి కూర్చున్నా పని ఆగిపోతుంది. ఇది హిందూ కుటుంబాల లెక్క. క్రైస్తవ కుటుంబాల్లో వీలునామా లేకుండా భర్త పోతే భార్యకు మూడో వంతు, మిగిలినది కొడుకులూ కూతుళ్ళూ సమానంగా. ముస్లిం కుటుంబాల్లో వారి ధర్మశాస్త్రం ప్రకారం వాటాలు ఉంటాయి, వీలునామాతో ఇవ్వగలిగింది సాధారణంగా మూడో వంతు వరకే.

వీలునామా అంటే మనవాళ్ళకు రెండు భయాలు. రాస్తే ఆయువు తగ్గుతుందన్నది ఒకటి. దాన్ని వదిలేద్దాం. రాశాక ఆస్తి మన చేతిలో ఉండదేమోనన్నది రెండోది. అది ఉత్త భయం. వీలునామా రాసిన మనిషి పోయాకే దానికి ప్రాణం వస్తుంది. అప్పటిదాకా ఆస్తి ఆయనదే. అమ్ముకోవచ్చు, తాకట్టు పెట్టుకోవచ్చు, ఇంకో వీలునామా రాయొచ్చు. చివరిగా రాసిందే చెల్లుతుంది. ముందు రాసింది రిజిస్టరైనదైనా సరే, తర్వాత సక్రమంగా రాసిన తెల్లకాగితం దాన్ని తోసేస్తుంది. స్టాంపు కాగితం అవసరం లేదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే మంచిదే. తప్పనిసరిగా కావలసింది ఇద్దరు సాక్షులు. రాసినవాళ్ళు సంతకం పెట్టడం వాళ్ళు చూడాలి, రాసినవాళ్ళ ఎదుట వాళ్ళూ సంతకం పెట్టాలి. రేపు గొడవ వస్తే ఆ సాక్షుల్లో ఒక్కరైనా కోర్టుకు వచ్చి చెప్పాల్సి ఉంటుంది. అందుకని సాక్షులుగా మీ ఈడు స్నేహితులను కాకుండా మీకన్నా ఇరవై ఏళ్ళు చిన్నవాళ్ళను పెట్టుకోండి. ఆస్తి అందుకునేవాళ్ళను సాక్షులుగా పెట్టవద్దు. వయసు బాగా పైబడితే, తెలివిలో ఉండే రాశారని డాక్టరు చేత ఆ రోజే ఒక సర్టిఫికెట్టు రాయించుకుంటే తర్వాత ఎవరూ వేలెత్తి చూపలేరు. ఎవరికీ చూపించడం ఇష్టం లేకపోతే, కవరులో పెట్టి సీలు వేసి జిల్లా రిజిస్ట్రారు దగ్గర దాచుకునే వీలు కూడా 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలో ఉంది.

గిఫ్ట్ సెటిల్మెంటు దీనికి పూర్తిగా ఎదురు. సంతకం పెట్టి, రిజిస్టరు చేసి, పిల్లలు స్వీకరించిన రోజునే హక్కు వాళ్ళది. అమ్మకం రిజిస్ట్రేషన్‌తో పోలిస్తే కుటుంబంలో జరిగే సెటిల్మెంటుకు స్టాంపు డ్యూటీ బాగా తక్కువ. అందుకే "ఇప్పుడే చేసేయండి నాన్నా, తర్వాతైతే ఖర్చెక్కువ" అన్న మాట ఇళ్ళలో తరచూ వినిపిస్తుంది. ఖర్చు తక్కువన్నది నిజమే. ఆ రేట్లు మారుతూ ఉంటాయి కాబట్టి ఈ రోజు ఎంతో సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో కనుక్కోవాలి. కానీ చలానా మీద మిగిలే డబ్బు చూసి, చేతిలోంచి పోయే హక్కును చూడకపోవడమే తంటా.

ఏ సబ్ రిజిస్ట్రారు ఆఫీసు దగ్గరైనా ఒక పూట నిలబడి చూడండి. బయట దస్తావేజు లేఖరుల బల్లలు, జిరాక్సు బంకులు. లోపల బెంచీ మీద డెబ్బై దాటిన ఒకావిడ. పక్కన కొడుకు చేతిలో ప్లాస్టిక్ కవరు, దాన్నిండా ఆధార్ నకళ్ళు, పాసుపుస్తకం, పన్ను రసీదులు. టోకెను పిలిచాక ఆవిడ వేలిముద్ర యంత్రం మీద పడదు. నాట్లు వేసి, కలుపు తీసి ఆ వేలిగీతలు ఎప్పుడో అరిగిపోయాయి. కొడుకు తువ్వాలుతో వేలు తుడిచి మళ్ళీ పెట్టిస్తాడు. మూడో వేలికి పచ్చ దీపం వెలుగుతుంది. "ఏం రాసిస్తున్నావో తెలుసా అమ్మా, ఇష్టంతోనే ఇస్తున్నావా?" అని అధికారి అడుగుతారు. "మా అబ్బాయికే కదయ్యా" అంటుంది ఆవిడ. అక్కడితో పని అయిపోతుంది.

ఆవిడ వేలిముద్ర వేసిన కాగితంలో ఏముంటుందంటే, "నీయందు నాకు గల ప్రేమాభిమానముల చేత" అని మొదలై, "ఈ దినము మొదలు నీవు నీ పుత్రపౌత్ర పారంపర్యముగా, దానవిక్రయాది సర్వహక్కులతో, నీ యిష్టానుసారము అనుభవించవలసినది" అన్న వాక్యం ఉంటుంది. తరతరాలుగా లేఖరులు రాస్తున్న నమూనా అది. దాని అర్థం, రేపు పొద్దున ఆ ఇంటిని అబ్బాయి అమ్మేయొచ్చు, బ్యాంకులో తాకట్టు పెట్టొచ్చు. ఆవిడ అదే ఇంట్లో ఉండాలంటే అది అబ్బాయి దయ. ఆవిడ తిండి గురించి, మందుల గురించి, ఉండే గది గురించి ఆ కాగితంలో ఒక్క ముక్క ఉండదు. తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం హద్దులు మాత్రం అంగుళాలతో సహా ఉంటాయి.

మా అబ్బాయి మంచివాడేనని మీరు అనొచ్చు. కాదని ఎవరూ అనరు. కానీ మంచి కొడుక్కీ వ్యాపారంలో నష్టం వస్తుంది, అప్పులవాళ్ళు ఇంటి మీదికి వస్తారు. ఇంకా చెప్పడానికి కష్టమైన సంగతి ఒకటుంది. తల్లి ఉండగానే కొడుకు పోవచ్చు. అప్పుడు ఆవిడ రాసిచ్చిన ఇల్లు కొడుకు వారసులకు వెళ్తుంది. కోడలికి ఒక వంతు, మనవలకు తలా ఒక వంతు, తల్లిగా ఈవిడకు ఒక వంతు. తన చేతులతో కట్టించుకున్న ఇంట్లో ఆవిడ వాటాదారు. కోడలు మళ్ళీ పెళ్ళి చేసుకున్నా ఆ వంతు కోడలిదే. ఇందులో దుర్మార్గం చేసినవాళ్ళెవరూ లేరు. కాగితం ఒక రోజు ముందుగా చేతులు మారింది, అంతే.

ఇచ్చేశాక మనసు మారితే వెనక్కి తీసుకోవచ్చా? సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్ళి ఒక రద్దు దస్తావేజు రాసుకుంటే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. సరిపోదు. రిజిస్టరైన గిఫ్టును ఇచ్చినవాళ్ళు తమ ఇష్టప్రకారం ఏకపక్షంగా రద్దు చేయలేరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన ఒక కేసులో 2014లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు దీనికి మంచి ఉదాహరణ. ఒకావిడ ఇల్లు గిఫ్టుగా రాసిచ్చింది. బతికున్నంతకాలం అందులో ఉండే హక్కు, అద్దెలు తీసుకునే హక్కు తనకే ఉంచుకుంది. తర్వాత 1986లో రద్దు పత్రం రాసింది. స్వాధీనం ఇవ్వలేదు కాబట్టి అసలు గిఫ్టే పూర్తికాలేదని వాదించింది. స్వాధీనం ఇవ్వకపోయినా, జీవితకాలపు హక్కు ఉంచుకున్నా గిఫ్టు చెల్లుతుందని కోర్టు చెప్పింది. రద్దు చెల్లలేదు.

ఈ తీర్పులో పెద్దవాళ్ళకు రెండు పాఠాలున్నాయి. జీవితకాలపు హక్కు ఉంచుకుని ఆస్తి ఇవ్వడం చట్టానికి సమ్మతమే అన్నది మొదటిది. ఇల్లు పిల్లలది అవుతుంది, ఉండే హక్కు మీది. పిల్లలు అమ్మినా, కొన్నవాళ్ళు మీ హక్కుకు లోబడే కొనాలి, ఎందుకంటే అది రిజిస్టరైన కాగితంలో ఉంది. రెండో పాఠం, ఇలా ఇచ్చినా మనసు మార్చుకునే వీలు ఉండదు. నీడ మిగులుతుందిగానీ నిర్ణయం చేయి దాటిపోతుంది. కాబట్టి పిల్లల వ్యవహారం ఇంకా తేలలేదు, రేపు మార్చాల్సి రావచ్చు అనిపిస్తే వీలునామా రాయండి. ఈ రోజే ఇవ్వాలన్న గట్టి కారణం ఉంటే, అంటే అబ్బాయికి ఇంటిలోను కావాలనో, వాటాలు కళ్ళముందే తేల్చాలనో అనుకుంటే, జీవితకాలపు హక్కుతో సెటిల్మెంటు చేయండి. ఇంటిలోను విషయంలో బ్యాంకు ముందే ఆ షరతును చూస్తుంది, కాబట్టి వాళ్ళతో మాట్లాడాకే రాయించండి.

ఆ కాగితంలో రెండు వాక్యాలు తప్పకుండా ఉండాలి. లేఖరికి ఇలా చెప్పొచ్చు. ఒకటి: "షెడ్యూలు ఇంటిపై హక్కు ఈ రోజే నీకు సంక్రమించినది. అయితే నేను, నా భార్య మా ఇరువురి జీవితకాలం ఆ ఇంట్లో నివసించుటకు, పై వాటా అద్దె వసూలు చేసుకొనుటకు హక్కు మాకే అట్టిపెట్టుకున్నాము." భార్య పేరు మరవకండి. ఆయన తన జీవితకాలం వరకే రాసుకుని, ఆయన పోయాక ఆవిడ ఇక్కట్లపాలైన ఇళ్ళున్నాయి. రెండు: "మా తిండి, బట్ట, వైద్యం నీవు చూచుకొనవలెనన్న షరతుపై ఈ సెటిల్మెంటు వ్రాసి ఇచ్చితిని. చూడని పక్షమున దీనిని రద్దు చేయించుకొను హక్కు నాకు కలదు."

ఈ రెండో వాక్యానికి ఎందుకంత బలమంటే, 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టంలో 23వ సెక్షన్ ఉంది. అరవై దాటిన వ్యక్తి, తనను చూసుకోవాలన్న షరతు మీద ఆస్తి రాసిచ్చి, తీసుకున్నవాళ్ళు చూడకపోతే, ఆ బదలాయింపు మోసంతో లేదా ఒత్తిడితో జరిగినట్టుగా భావించి చెల్లదని ప్రకటించమని అడగొచ్చు. సివిల్ కోర్టు చుట్టూ ఏళ్ళ తరబడి తిరగక్కర్లేదు. మన రెండు రాష్ట్రాల్లోనూ ఆర్డీవో దగ్గర ట్రిబ్యునల్ ఉంటుంది, అక్కడ దరఖాస్తు పెట్టుకోవాలి. అప్పీలు కలెక్టరు స్థాయిలో. అయితే షరతు ఉండాలన్న మాట దగ్గరే చాలామంది ఓడిపోతున్నారు. ఆస్తి ఇచ్చినంత మాత్రాన చూసుకుంటారన్న షరతు ఉన్నట్టు అనుకోలేమని, షరతు ఉన్నట్టు రుజువు కావాలని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జనవరి 2న మధ్యప్రదేశ్‌కు చెందిన ఒక తల్లి కేసులో అదే కోర్టు, ఇది పెద్దల మేలు కోరి చేసిన చట్టం కాబట్టి ఉదారంగా చూడాలని, ఇల్లు తిరిగి అప్పగించమని కూడా ట్రిబ్యునల్ ఆదేశించవచ్చని చెప్పింది. ఆ తల్లికి కలిసొచ్చింది కొడుకు రాసిచ్చిన కాగితం. అమ్మానాన్నలను చివరిదాకా చూసుకుంటానని, చూడకపోతే గిఫ్టు వెనక్కి తీసుకోవచ్చని అందులో ఉంది. కాబట్టి షరతు కాగితం మీద ఉండాలి. "మా మధ్య అలాంటివెందుకు" అని మొహమాటపడితే రేపు ట్రిబ్యునల్ ముందు చూపించడానికి ఏమీ ఉండదు. ఆస్తి సంగతి ఎలా ఉన్నా, పోషణ ఖర్చు అడిగే హక్కు తల్లిదండ్రులకు అదే చట్టంలో వేరుగా ఉంది. నెలకు 10,000 రూపాయల వరకు ఇప్పించవచ్చు. ఎక్కడికి వెళ్ళాలో తెలియనివాళ్ళు వయోవృద్ధుల సహాయ నంబరు 14567కు ఫోను చేయొచ్చు.

పిల్లలు విదేశాల్లో ఉన్న కుటుంబాలు మన దగ్గర ఇప్పుడు ప్రతి వీధిలోనూ ఉన్నాయి. వాళ్ళకు ఒక ప్రత్యేకమైన హెచ్చరిక. ఇల్లు, ప్లాటు అయితే ఎన్నారై పిల్లలకు గిఫ్టుగా ఇవ్వొచ్చు. వ్యవసాయ భూమి, తోట, ఫామ్‌హౌస్ మాత్రం వాళ్ళకు గిఫ్టుగా ఇవ్వడానికి విదేశీ మారకద్రవ్య చట్టం (ఫెమా) నిబంధనలు ఒప్పుకోవు. వారసత్వంగా రావడానికి అడ్డులేదు. కృష్ణా జిల్లాలోనో, కరీంనగర్ జిల్లాలోనో పొలం ఉండి, కొడుకు డాలస్‌లో స్థిరపడిన తండ్రికి అందుకే వీలునామా సరైన దారి. అమెరికాలో పన్ను కట్టే పిల్లలు మన దేశంలోని తల్లిదండ్రుల నుంచి ఏడాదిలో లక్ష డాలర్లు మించిన ఆస్తిని గిఫ్టుగా గాని వారసత్వంగా గాని అందుకుంటే, 3520 అనే ఫారంలో అక్కడి పన్నుల శాఖకు తెలియజేయాలి. దాని మీద పన్ను పడదు, కానీ చెప్పకపోతే జరిమానా గట్టిగా ఉంటుంది.

పన్నుల మాట వచ్చింది కాబట్టి మన దేశం సంగతి కూడా చెప్పుకుందాం. మరణానంతరం ఆస్తి మీద వేసే ఎస్టేట్ డ్యూటీని 1985లో, గిఫ్ట్ ట్యాక్సును 1998లో తీసేశారు. తల్లిదండ్రుల నుంచి పిల్లలు అందుకున్న ఇంటి మీద ఆదాయపు పన్ను లేదు. ఆ ఇంటిని పిల్లలు అమ్మిన రోజున మాత్రం లాభం లెక్క వస్తుంది, దానికి మీరు కొన్న ధరనే ఆధారంగా తీసుకుంటారు. మీ పాత దస్తావేజు, ఇల్లు కట్టిన ఖర్చు రసీదులు భద్రంగా పిల్లలకు అప్పగించండి. ఇంకో చిక్కు. కొడుకుకు అప్పులున్నాయని కొందరు కోడలి పేర రాస్తారు. అలా రాస్తే ఆ ఇంటి అద్దెను ఆదాయపు పన్ను చట్టం అత్తమామల ఆదాయంలోనే కలుపుతుంది. పెద్దవాడైన కొడుకు, కూతురు విషయంలో ఆ బాధ లేదు.

కొన్ని భూములను అసలు ఇలా రాయడం కుదరదు. ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూమి వారసత్వంగా పిల్లలకు వస్తుందిగానీ, దాన్ని అమ్మడాన్ని, గిఫ్టుగా ఇవ్వడాన్ని 1977 చట్టం నిషేధించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో కొంత సడలింపు వచ్చింది. కాబట్టి అసైన్డ్ భూమికి ఇచ్చే డి-పట్టా ఉన్నవాళ్ళు ముందు రెవెన్యూ ఆఫీసులో కనుక్కోవాలి. ఏజెన్సీ ప్రాంతాల భూములకు 1970 నాటి భూబదలాయింపు నియంత్రణ వర్తిస్తుంది.

రిజిస్ట్రేషన్‌తో పని సగమే అయినట్టు. ఆంధ్రలో వ్యవసాయ భూమికి సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో రిజిస్ట్రేషన్ జరిగాక 1బీలో, అడంగల్‌లో పేరు మారిందో లేదో చూసుకోవాలి. తెలంగాణలో 2020 అక్టోబరులో ధరణి పోర్టల్ వచ్చినప్పటి నుంచి వ్యవసాయ భూమి రిజిస్ట్రేషన్ తహశీల్దారు ఆఫీసులోనే. 2025 ఏప్రిల్ 14 నుంచి ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. ఇళ్ళకైతే మున్సిపాలిటీ లేదా పంచాయతీ పన్ను రికార్డులో పేరు, కరెంటు మీటరు పేరు మార్పించాలి. నెల తర్వాత ఒకసారి ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్టు) తీసి చూస్తే మీరు రాసినదే ఎక్కిందా, సర్వే నంబరు తప్పు పడిందా తెలిసిపోతుంది. బతికుండగా అయితే తప్పును ఒక సవరణ దస్తావేజుతో దిద్దొచ్చు. పోయాక అదే తప్పుకు వారసులందరి సంతకాలు కావాలి.

చివరిగా పిల్లలకు ఒక మాట. అమ్మ, నాన్న జీవితకాలపు హక్కు రాయించుకుంటామంటే చిన్నబుచ్చుకోవద్దు. మీమీద నమ్మకం లేక అడగడం లేదు. మీకేదైనా జరిగినా వాళ్ళకు నిలువనీడ ఉండాలని అడుగుతున్నారు. ఆ వాక్యం రాయడానికి అడ్డుపడే కొడుకు గురించి, కూతురు గురించి, ఆ తల్లిదండ్రులు ఇంకోసారి ఆలోచించుకోవలసిందే.

పెద్దవాళ్ళకు నా విన్నపం ఇది. ఈ నెలలో ఒక రోజు కూర్చుని మీ దస్తావేజులు, పాసుపుస్తకాలు, పన్ను రసీదులు ఒకచోట పెట్టండి. ఏది స్వార్జితం, ఏది పిత్రార్జితం, ఏది ఎవరి పేర ఉందో ఒక కాగితం మీద రాసుకోండి. ఈ రోజే ఇవ్వాలన్న కారణం లేకపోతే, వీలునామా రాసి ఊరుకోండి. ఇవ్వాలనుకుంటే, మీరుండే హక్కు, మీ పోషణ షరతు కాగితంలో పెట్టించి ఇవ్వండి. సంతకానికి ముందు ఆ కాగితాన్ని మొదటి నుంచి చివరిదాకా, ఆస్తి తీసుకునేవాళ్ళు కాని ఒక మనిషి చేత చదివించుకుని వినండి. అందులో మీ గురించి ఒక్క వాక్యమైనా లేకపోతే సంతకం పెట్టకండి.